రోహిణి కార్తెలో ఆర్కిడ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి చోటిచ్చాం. ఎక్కువమంది తెగుళ్ల గురించి అడిగారు. ఫోటోలు చూస్తే మాత్రం వాటిలో చాలావరకు తెగుళ్లు కావు. నీళ్లో, ఎండో చేసిన పని. అందుకే నీళ్ల ప్రశ్న ముందు పెట్టి, దానికి కాస్త ఎక్కువ జాగా ఇచ్చాం.

మా ఇంట్లో పన్నెండు డెండ్రోబియం ఆర్కిడ్ కుండీలున్నాయి. బోరు నీళ్లే పోస్తాం. కుండీల్లో నింపిన బొగ్గు మీద తెల్లగా సున్నంలా పేరుకుంటోంది, ఆకుల కొసలు నల్లబడి ఎండుతున్నాయి. తెగులేమోనని రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

మందు కొట్టడం ఆపండి. ఇది ఉప్పు దెబ్బ. తెగులు మచ్చ ఆకు మీద ఎక్కడో ఒకచోట మొదలవుతుంది, చాలాసార్లు దాని చుట్టూ పసుపు అంచు ఉంటుంది, రోజురోజుకూ పాకుతుంది. ఉప్పు దెబ్బ సాధారణంగా ముదురాకుల కొసల నుంచి వస్తుంది. ఎండిన భాగానికీ పచ్చ భాగానికీ మధ్య గీత గీసినట్టు ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఒక కుండీ ఎత్తి వేర్ల కొనలు చూడండి. బాగున్న వేరు కొన అగ్గిపుల్ల తలంత మేర లేత ఆకుపచ్చగానో ఊదాగానో మెరుస్తుంది. ఆ కొన నల్లబడి మొండిగా ఆగిపోయి, పక్క నుంచి ఇంకో కొన బయల్దేరి అదీ నల్లబడి ఉంటే అనుమానం అక్కర్లేదు.

మట్టిలో ఉన్న మొక్కకు కొంత ఉప్పును మట్టే పట్టి ఉంచుతుంది. బొగ్గులోనో పెంకు ముక్కల్లోనో పెరిగే ఆర్కిడ్‌కు ఆ అడ్డు లేదు. పోసిన నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, వాటిలోని లవణాలు బొగ్గు రంధ్రాల్లో మిగిలిపోతాయి. రేపు పోసే నీళ్లు ఆ నిల్వ మీద పడతాయి. ఎండాకాలంలో రోజూ పోస్తాం కాబట్టి ఉప్పు చేరడమూ అప్పుడే వేగం.

ముందు పెన్నులాంటి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను చూపేది) ఒకటి కొనండి, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. పన్నెండు కుండీలున్నవాళ్లు ఎరువు కంటే ముందు కొనాల్సిన వస్తువు ఇదే. మీటరు 200 లోపు చూపితే ఏ ఆర్కిడ్‌కైనా పోయొచ్చు. 200 నుంచి 400 దాకా డెండ్రోబియం తట్టుకుంటుంది, కాకపోతే కుండీలు తరచూ కడగాలి. 500 దాటితే వద్దు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు లేనిచోట 2000 దాకా అనుమతి. కాబట్టి "మేం తాగే నీళ్లే పోస్తున్నాం కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

బోరు నీళ్లు 900 చూపాయనుకోండి, ఇంట్లో ఆర్వో ఫిల్టరు నీళ్లు 60 ఉన్నాయనుకోండి. ఒక లీటరు బోరు నీళ్లకు ఐదు లీటర్ల ఫిల్టరు నీళ్లు కలిపితే 200కి దిగుతుంది. ఆ కాసిన్ని బోరు నీళ్ల వల్ల కాల్షియం, మెగ్నీషియం అందుతాయి కాబట్టి ఉత్త ఫిల్టరు నీళ్ల కంటే ఈ కలుపు మేలు. ఫిల్టరు పక్క గొట్టంలోంచి వృథాగా పోయే నీళ్లు మాత్రం పోయకండి. అసలు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లు దాదాపు ఉప్పు లేనివి, గుడ్డతో వడకట్టి వాడుకోవచ్చు. మిషన్ భగీరథ నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చే చోట అవి చాలావరకు బోరు కంటే నయం. అయినా మీటరు ముంచి చూశాకే పోయండి.

అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. 100 చదరపు అడుగుల రేకుల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 90 లీటర్ల దాకా వస్తాయి. దుమ్ము కొట్టుకొచ్చే మొదటి వాన వదిలేసి, తర్వాతి వానలను మూత ఉన్న 200 లీటర్ల డ్రమ్ములో పట్టండి. దోమలు చేరకుండా మూతి మీద గుడ్డ కట్టండి. కుండీకి రోజుకు అరలీటరు చొప్పున మీ పన్నెండింటికి ఒక డ్రమ్ము నెలకు సరిపోతుంది.

ఇప్పుడున్న కుండీల సంగతి: తక్కువ టీడీఎస్ నీళ్లు కుండీ పరిమాణానికి మూడింతలు నిదానంగా పోయండి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ అంతే పోయండి. మొదటి విడత పేరుకున్న ఉప్పును కరిగిస్తుంది, రెండోది కడిగేస్తుంది. నెలకోసారి ఇలా చేయాలి. గీకితే తెల్లపొడి రాలే బొగ్గును దాచుకోకండి, మృగశిర కార్తె వచ్చాక మార్చేయండి. ఇస్త్రీ బండ్లవాళ్లు వాడే కట్టె బొగ్గు చాలు. అంగుళం ముక్కలు చేసి, పొడి పోయేదాకా కడిగి వాడండి.

ఎరువు ఎంత వేస్తున్నారో మీరు రాయలేదు. 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) అయితే లీటరుకు అర గ్రాము, వారానికోసారి. అంతకు మించొద్దు. మీటరును నమ్మి ఎరువు పెంచేవాళ్లు కూడా ఉన్నారు. 19:19:19లో యూరియా రూపంలో ఉండే నత్రజని ఆ మీటరుకు కనబడదని గుర్తుంచుకోండి.

పటిక వేస్తే ఫ్లోరైడు పోతుందంటారు కదా. అట్లా శుభ్రం చేసిన బోరు నీళ్లు ఆర్కిడ్లకు పనికొస్తాయా?
– మర్రిగూడ నుంచి

పనికిరావు. మీరు చెప్పేది మన జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన 'నల్లగొండ టెక్నిక్'. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. పటిక, సున్నం వేసి కలిపితే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. ఆ పద్ధతి పుట్టింది మనుషుల పళ్లు, ఎముకలు కాపాడటానికి. పటికలోని సల్ఫేటు నీళ్లలోనే ఉండిపోతుంది, మొత్తం ఉప్పు తగ్గదు. ఆర్కిడ్ వేరుకు తగ్గాల్సింది ఆ మొత్తం ఉప్పే. మరగబెట్టినా లాభం లేదు. కొంత సున్నం గిన్నెకు పట్టుకుంటుంది, ఫ్లోరైడు మాత్రం ఇంకా చిక్కబడుతుంది. మీ దగ్గర వాన నీళ్లు పట్టడం ఒక్కటే ఖర్చు లేని దారి.

గృహప్రవేశానికి ఎవరో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ మొక్క ఇచ్చిన్రు. పూలు రెండు నెలలున్నయ్, రాలిపోయినయ్. రోజూ నీళ్లు చల్లుతున్న. ఆకులు మెత్తబడి ముడతలు పడ్తున్నయ్. ఇంకా నీళ్లు పెంచాల్నా?
– మహబూబ్‌నగర్ నుంచి

పెంచకండి, పూర్తిగా ఆపండి. ఆకు ముడత పడితే దాహమని అనుకోవడం సహజమే. మీ మొక్కకు దాహం ఉన్న మాట నిజం. కానీ తాగే వేర్లు కుళ్లిపోయి ఉంటాయి.

ఆ మొక్కలు మార్కెట్‌కు వచ్చేటప్పుడు చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నాచు గట్టిగా కూరి ఉంటుంది. పైన తడి ఆరినట్టు కనిపిస్తుంది, లోపలి ముద్ద వారం దాకా తడిగానే ఉంటుంది. మొక్కను బయటికి తీసి ఆ నాచంతా విప్పేయండి. నల్లా కింద వేర్లు కడిగి, ఒక్కో వేరును వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికినట్టు, రంగు గోధుమగా ఉన్నా సరే. మెత్తగా నలిగి పైతొక్క జారిపోయి లోపల దారంలాంటి పోగు మిగిలితే చచ్చినట్టు. చచ్చినవాటిని మొదలు దాకా కత్తిరించండి. బ్లేడును ముందు మంట మీద కాల్చాలి. వేర్ల గాయాలకు దాల్చినచెక్క పొడి రాయమని చాలామంది చెప్తారు. ఆకు గాయానికి అది మంచిదే. వేరుకు అంటితే బతికిన వేరును కూడా ఎండబెడుతుంది. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి మందు లీటరుకు రెండు గ్రాములు కలిపి పది నిమిషాలు ముంచితే చాలు.

ఒక పూట నీడలో ఆరబెట్టి, అడుగున, పక్కలా చిల్లులున్న నాలుగంగుళాల పారదర్శక కుండీలో నాటండి. రెండు పాళ్లు కొబ్బరి డొక్క ముక్కలు, ఒక పాలు బొగ్గు. డొక్క ముక్కలను ముందు ఒక రోజంతా నానబెట్టి, మూడుసార్లు నీళ్లు మార్చి వాడాలి, లేకపోతే అందులోని ఉప్పూ వగరూ వేర్లకు తగులుతాయి. పెద్ద కుండీ పెట్టాలన్న ఆశ వద్దు. వేర్లు లేని ఖాళీ ఎంత ఉంటే అంత తడి నిలిచిపోతుంది.

రెండు రోజులు ఆగి నీళ్లు మొదలుపెట్టండి. ఆ తర్వాత రోజులు లెక్కపెట్టే పని లేదు. వేరు మీద స్పాంజిలాంటి పొర ఉంటుంది. అది తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండిలా తెల్లగా కనబడుతుంది. పారదర్శక కుండీ పెట్టమన్నది ఇందుకే. వేర్లు తెల్లబడ్డాక పోయండి, పచ్చగా ఉంటే ఊరుకోండి. ఎండాకాలంలో మూడు రోజులకోసారి, వానాకాలంలో వారానికోసారి పడొచ్చు. ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే వెంటనే టిష్యూ కాగితంతో అద్దేయండి. ఫెలనాప్సిస్‌కు కొత్త ఆకు అక్కడొక్క చోట నుంచే వస్తుంది, అది కుళ్లితే మొక్క పోయినట్టే. ముడతపడ్డ పాత ఆకులు మళ్లీ నున్నగా కావు. కొత్త ఆకు గట్టిగా వస్తే గండం గడిచినట్టు.

పూల కాడ ఇంకా పచ్చగానే ఉందా? మామూలుగా అయితే కింది నుంచి మూడో కణుపు పైన కోస్తే పక్క కొమ్మ వస్తుంది. ఈ నీరసంలో వద్దు, మొదలంటా కోసేయండి. మళ్లీ పూత రావాలంటే కొన్ని వారాల పాటు రాత్రుళ్లు 18 నుంచి 20 డిగ్రీలకు దిగాలి. నవంబరు నుంచి జనవరి దాకా మన వరండాల్లో ఆ చల్లదనం ఉచితంగా దొరుకుతుంది. ఆ నెలల్లో మొక్కను ఇంట్లోకి తేకండి.

డాబా మీద గ్రీన్ నెట్ కట్టి ఆర్కిడ్లు పెట్టొచ్చా? మే నెలలో బతుకుతాయా?
– నల్లగొండ నుంచి

నెట్ ఒక్కటే కడితే బతకవు. నెట్ ఎండను ఆపుతుంది, స్లాబు వేడిని ఆపదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా కుండీల అడుగున సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆర్కిడ్‌కు రాత్రి చల్లదనమే ఊపిరి.

కుండీలను స్లాబుకు మూడడుగుల ఎత్తున జాలీ స్టాండు మీద పెట్టండి. నెట్‌కూ మొక్కల తలలకూ మధ్య కనీసం మూడడుగులు ఖాళీ వదలండి, వేడిగాలి పైకి పోవాలి. డెండ్రోబియంకు, వాండా ఆర్కిడ్‌కు 50 శాతం నీడనిచ్చే నెట్, ఫెలనాప్సిస్‌కు 75 శాతం. పడమర వైపు నెట్‌ను కింది దాకా దించండి, మధ్యాహ్నం మూడు గంటల ఏటవాలు ఎండ పక్క నుంచే కొడుతుంది. స్టాండు కింద ఇటుక ముక్కలు పరిచి, వాటి మీద గోనె సంచులు వేసి, పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి తడపండి. ఇందుకు బోరు నీళ్లయినా పర్వాలేదు, మొక్కను తాకవు కదా.

వెలుగు సరిపోతోందా లేదా అన్నది ఆకే చెప్తుంది. ముదురాకుపచ్చ అంటే నీడ ఎక్కువ, పూత రాదు. లేతాకుపచ్చ సరైనది. ఒకేచోట తెల్లగా పాలిపోయి తర్వాత గోధుమ రంగుకు తిరిగే మచ్చ ఎండదెబ్బ. మధ్యాహ్నం ఆకును పట్టుకుంటే చేతికి చుర్రుమంటే నెట్ చాలడం లేదని అర్థం.

ఇంకొకటి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి డాబా మీదుగా వచ్చే పైపులో మే నెల మధ్యాహ్నం నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవి నేరుగా పోస్తే వేర్లు ఉడికిపోతాయి. తెల్లవారుజామునే పోయండి, లేదా నీడలో గోలెం పెట్టి ముందురోజే నింపుకోండి.

ఇన్ని చేసినా రోహిణి కార్తెలో ఫెలనాప్సిస్‌ను డాబా మీద ఉంచమని చెప్పలేం. ఆ రెండు వారాలు కూలర్ నడిచే గదిలో, కూలర్ గాలి నేరుగా తగలని మూలన పెట్టండి. కూలర్ గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఈ విషయంలో ఏసీ గది కంటే కూలర్ గదే మేలు. ఇంటి ముందు మామిడి చెట్టో సపోటా చెట్టో ఉంటే డాబా మాట మరిచిపోండి. చెట్టు నీడకు సాటివచ్చే నెట్ లేదు.

వాండాను బుట్టలో వేలాడదీశాం. రోజూ ఉదయం స్ప్రే చేస్తున్నా కింది ఆకులు రాలిపోతున్నాయి.
– సూర్యాపేట నుంచి

స్ప్రే చాలదు. వేర్లు గాలిలో వేలాడే పద్ధతి కోస్తా తేమకు సరిపోయింది. మన ఏప్రిల్ గాలికి పది నిమిషాల్లో వేరు ఆరిపోతుంది. పొద్దున్నే వేర్లన్నిటినీ బకెట్‌లో పదిహేను, ఇరవై నిమిషాలు ముంచండి. తీసేసరికి వేర్లన్నీ ఆకుపచ్చగా మారాలి, తెల్ల మచ్చలు మిగిలితే ఇంకాసేపు ఉంచండి. సాయంత్రం ఐదు గంటలకు మరోసారి తడిపితే చీకటి పడేలోపు ఆకుల సందులు ఆరతాయి.

అంత ఓపిక లేకపోతే పెద్ద మట్టి కుండీలో, పక్కలా చిల్లులు పొడిచి, రెండంగుళాల పెంకు ముక్కలు, బొగ్గు నింపి వాండాను అందులో నిలబెట్టండి. చూడ్డానికి అంత బాగుండదు, ఎండాకాలం మాత్రం గట్టెక్కుతుంది. ఇంటి పైకప్పు మీద పాత మంగళూరు పెంకులుంటే పారేయకండి, ఈ పనికి అంతకంటే మంచిది దొరకదు.

డెండ్రోబియం కర్రల మీద పూలకు బదులు చిన్న మొక్కలు వస్తున్నాయి. ఆకులు రాలిన ఎండు కర్రలు కోసేయొచ్చా?
– వనపర్తి నుంచి

కర్రలు కోయకండి. ఆకు లేకపోయినా కర్ర పచ్చగా, గట్టిగా ఉందంటే అది మొక్కకు నీళ్ల తిత్తి. దాని కొస నుంచి మళ్లీ పూల కాడ వచ్చే అవకాశమూ ఉంది. పూర్తిగా గోధుమ రంగుకు తిరిగి, నొక్కితే అణిగిపోయే కర్రనే తీసేయాలి.

పిల్లమొక్కలకు కారణాలు రెండు. నత్రజని ఎక్కువై, వెలుగు తక్కువైతే పూమొగ్గ కావాల్సిన కణుపు ఆకుకు తిరుగుతుంది. లేదా అడుగున వేర్లు చచ్చిపోయి, మొక్క పైనే కొత్త వేర్ల కోసం తంటాలు పడుతుంది. కుండీ ఊపి చూడండి. మొక్క వదులుగా కదిలితే రెండోదే. పిల్లమొక్క వేర్లు ఒకటిన్నర అంగుళం పెరిగాక, అవి కనీసం మూడు ఉన్నప్పుడు, కర్ర ముక్కతో సహా కోసి మూడంగుళాల కుండీలో పెట్టండి. ఆగస్టు దాటాక 19:19:19 మానేసి 13:0:45 (భాస్వరం లేకుండా, పొటాష్ ఎక్కువగా ఉండే ఎరువు) లీటరుకు అర గ్రాము పది రోజులకోసారి ఇవ్వండి, వెలుగు పెంచండి.

అచ్చంపేట దగ్గర మా చేను మామిడి చెట్టు కొమ్మ గాలికి విరిగింది. దాని మీద బదనిక లాంటిది ఉంది, దళసరి వేర్లు, పట్టీల్లాంటి ఆకులు. ఇది ఆర్కిడ్డేనా? అడవిలోనూ ఉన్నాయి, తెచ్చి పెంచొచ్చా?
– పేరు రాయని పాఠకుడు

మీ వర్ణన, ఫోటో చూస్తే ఇది ఆర్కిడ్డే, పేరు వాండా టెసెలేటా. కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం పీల్చే బదనిక వేరే మొక్క. ఇది కొమ్మను పట్టుకుని ఉంటుంది తప్ప చెట్టును తినదు, కాబట్టి మామిడికి నష్టం లేదు. ఎండాకాలంలో పూస్తుంది. రేకుల మీద గోధుమ రంగు గళ్లు, ఊదా పెదవి, మంచి వాసన. మన ఎండకు పుట్టిన మొక్క. దుకాణంలో కొన్న రంగురంగుల వాండాల కంటే ఇదే మీ దగ్గర తేలిగ్గా బతుకుతుంది.

విరిగిన కొమ్మతో సహా తీసుకెళ్లి, అదే చెట్టుకో పక్క చెట్టుకో తూర్పు వైపు, గరుకు బెరడున్న కొమ్మ మీద కట్టండి. పాత బనియన్ గుడ్డ పీలికలు మంచివి, వేర్లు పట్టుకునేసరికి అవే చివికి ఊడిపోతాయి. తీగ వాడితే కోసుకుపోతుంది. వానలు గట్టిగా మొదలయ్యేదాకా రోజూ తడపాలి, ఆ తర్వాత మరిచిపోయినా బతుకుతుంది. వేర్ల మీద మట్టి, పేడ మెత్తొద్దు.

అడవి నుంచి మాత్రం ఒక్క మొక్క కూడా తేకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మొక్క పెరకడం నేరం. పైగా అలా పెరికినవి ఎక్కువగా చచ్చిపోతాయి, చెట్టు నుంచి ఊడదీసేటప్పుడే సగం వేర్లు తెగిపోతాయి.

వానాకాలంలో కొత్త పిలకలు నల్లబడి, లాగితే ఊడి వస్తున్నాయి.
– నాగర్‌కర్నూల్ నుంచి

వాసన చూడండి. కుళ్లు కంపు కొట్టి, నీరు కారితే బ్యాక్టీరియా. వాసన లేకుండా నల్లగా ఉంటే నల్ల కుళ్లు శిలీంధ్రం. రెంటికీ మొదటి వైద్యం కత్తే. నలుపు కనబడిన చోటు నుంచి ముప్పావు అంగుళం లోపలికి, పచ్చ కండ దాకా కోయాలి. కోతకోతకూ బ్లేడు కాల్చాలి. నల్ల కుళ్లుకు మెటలాక్సిల్, మాంకోజెబ్ మిశ్రమం లీటరుకు రెండు గ్రాములు కొట్టండి. బ్యాక్టీరియాకు కాపర్ ఆక్సీక్లోరైడ్ మూడు గ్రాములు వాడతారు. అయితే డెండ్రోబియం మీద, ముఖ్యంగా మొగ్గలున్నప్పుడు, రాగి మందు కొట్టకండి, మాడిపోతాయి. మొక్కను వారం పాటు వానకు దూరంగా, గాలి ఆడే చోట ఉంచండి. కుండీకీ కుండీకీ మధ్య జానెడు ఖాళీ వదిలితే మందుల అవసరం సగం తగ్గుతుంది.

పిలక నల్లబడకుండా కొరికినట్టు ఉంటే అది నత్త పని. రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని ఏరేయండి.

మొగ్గలు విచ్చుకోకముందే పసుపుబారి రాలుతున్నాయి. మొక్క హాల్లో డైనింగ్ టేబుల్ మీద ఉంది.
– దేవరకొండ నుంచి

టేబుల్ మీద మామిడిపళ్లో అరటిపళ్లో ఉంటే తీసేయండి. పండే పళ్ల నుంచి ఎథిలీన్ వాయువు వస్తుంది, మొగ్గ రాలడానికి అది చాలు. అగరుబత్తి పొగ కూడా అంతే, దేవుడి గదికి దూరంగా పెట్టండి.

సింబిడియం ఆర్కిడ్ కొనొచ్చా?
– గద్వాల నుంచి

వద్దు. దానికి పూత పట్టాలంటే శరదృతువులో రాత్రుళ్లు బాగా చల్లబడాలి, అది సిక్కిం, డార్జిలింగ్ కొండల మొక్క. గద్వాలలో ఆకులు బ్రహ్మాండంగా పెరుగుతాయి, పువ్వు మాత్రం చూడరు. ఆ డబ్బుతో రెండు డెండ్రోబియంలు కొనండి. కొనేది మే నెలలో కాకుండా జులైలో కొనండి, పిలక మొదట్లో కొత్త వేరు కొనలు కనబడుతున్న కుండీని ఎంచుకోండి.